చింతచెట్టు దాకా నడిచొద్దాం!

చార్మినార్‌కు మెట్లెన్ని అంటే 149 అని చెప్పేసేవాళ్లున్నారు. కానీ అక్కణ్నుంచి రెండు కిలోమీటర్లయినా లేని దూరంలో నూటయాభై మంది ప్రాణాలు నిలబెట్టిన ఓ చెట్టుందని ఎంతమందికి తెలుసు? తెలియనివాళ్లకు చూపించడానికే హైదరాబాద్‌లో వారసత్వ నడకలు. భవనాల్నే కాదు... వాటి వెనకున్న తోటల్నీ నీళ్లనీ చూడటం నేర్పే నడకలవి.

ఆదివారం... ఉదయం ఏడు గంటలు. లాడ్‌బజార్ ఇంకా షట్టర్లు ఎత్తలేదు. గాజుల తళుకుల్లేవు. బేరాల కేకల్లేవు. పావురాల రెక్కల చప్పుడు, ఇరానీ హోటల్లో కప్పూసాసర్ల చప్పుడు... అంతే! చార్మినార్ ముందు ఓ పాతికమంది గుంపు. స్పోర్ట్స్ షూ వేసుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, పిల్లల్ని చెయ్యిపట్టుకు తెచ్చిన తల్లిదండ్రులు, రిటైరైన మాస్టార్లు, మెడలో కెమెరాతో ఒకరిద్దరు. అందరి చూపూ మినార్ల మీదే.

సరిగ్గా అప్పుడు గైడు ఓ చిత్రమైన మాట చెబుతారు.

'చార్మినార్‌ను మీరంతా చూసే ఉంటారు. ఇప్పుడు అందరూ అటు వీపు తిప్పి నిలబడండి!'

నవ్వుకుంటూనే అందరూ వెనక్కి తిరుగుతారు. ఎదురుగా ఉత్తరానికి బాణంలా సాగిపోయే రోడ్డు. దూరంగా ఓ కమాను. దాని వెనక ఇంకో కమాను. రోజూ అదే దారిన ఆటోలో పోయేవాళ్లకు కూడా ఆ రెండు కమాన్లూ ఒకదాని వెనక ఒకటి అలా గీత గీసినట్టు ఉన్నాయని అప్పటిదాకా తెలియదు. నడకలోని మజా అదే. కొత్తది చూపించడం కాదు, రోజూ చూసేదాన్నే కొత్తగా చూపించడం!

హైదరాబాద్‌లో ఇలాంటి నడకలు 2000ల నుంచి బాగా అలవాటయ్యాయి. పర్యాటక శాఖ ఆదివారాల్లో చార్మినార్ నుంచి నడకలు నడిపింది. ఇంటాక్ లాంటి సంస్థలు, చరిత్ర మీద మనసున్న వాస్తుశిల్పులు, ఆ తర్వాత కుర్రాళ్ల బృందాలూ అందుకున్నాయి. ఏటా ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం, నవంబరు 19 నుంచి వారసత్వ వారోత్సవాలు వస్తే ఇక సరేసరి. చాలా నడకలు చార్మినార్ నుంచి లాడ్‌బజార్ మీదుగా చౌమహల్లా ప్యాలెస్‌కు చేరతాయి. అది పడమటి దారి. దాని సంగతి అందరూ రాశారు. ఉత్తరంగా మూసీ వైపు వెళ్లే దారి మాత్రం కాస్త వేరు. అందులో మహళ్లకంటే చెట్లూ నీళ్లే ఎక్కువ మాట్లాడతాయి.

నాలుగు దారులు... నడుమ నీళ్లు

గోల్కొండ కోటలో జనం పెరిగి ఇరుకైపోయింది. నీటికీ కటకటే. దాంతో మూసీకి ఆవలి ఒడ్డున విశాలమైన చోటు చూసి కొత్త నగరానికి శ్రీకారం చుట్టాడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా. 1591లో చార్మినార్ లేచింది. ఇరాన్ నుంచి వచ్చిన ఆయన మంత్రి మీర్ మోమిన్ అస్తరాబాదీ నగరానికి నమూనా వేశాడంటారు. నాలుగు దిక్కులకూ నాలుగు దారులు. అవి కలిసేచోట చార్మినార్. అక్కణ్నుంచి ఉత్తరంగా నాలుగడుగులేస్తే ఓ పెద్ద మైదానం. దానికి నాలుగువైపులా నాలుగు కమాన్లు. అవే 'చార్ కమాన్'. మైదానం మధ్యలో నీళ్ల హౌజు... ఇవాళ్టి గుల్జార్ హౌజ్!

నడక మొదటి మజిలీ అదే. ఉత్తరాన మఛ్లీ కమాన్. చేప శుభానికి గుర్తు. తూర్పున కాలీ కమాన్. దక్షిణాన చార్మినార్ కమాన్. పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. ఆ పడమటి కమానుదే ఒకప్పటి దర్జా అంతా. రాజమహళ్లకు దారి అదే మరి. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఆ మహళ్ల వైభవం పోయింది. ఇప్పుడు కమాను లోంచి చూస్తే కనిపించేది ఇరుకు సందు, కరెంటు తీగలు, నగల దుకాణాల బోర్డులు.

'మరి మహళ్లెక్కడ?' అని ఏ పిల్లాడో అడుగుతాడు. 'అవి లేవు బాబూ! వాటికి దారి మాత్రమే ఉంది' అంటారు గైడు. పాతబస్తీలో ఇలాంటివి కొల్లలు. సాలార్‌జంగ్‌ల నివాసం దివాన్ దేవిడీ సంగతీ అంతే. దేవిడీ పోయింది, దర్వాజాలు మిగిలాయి.

ఆ మహళ్ల గురించి ఓ ఫ్రెంచి యాత్రికుడు ముచ్చటగా రాసుకున్నాడు. పేరు టావెర్నియే. వజ్రాల వ్యాపారి. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చినవాడు. రాజమహలు మిద్దెల మీద తోటలున్నాయనీ, అక్కడ పెరిగిన చెట్లు ఎంతెంత పెద్దవంటే అంత బరువును కింది కమాన్లు ఎలా మోస్తున్నాయో అర్థం కాలేదనీ ఆశ్చర్యపోయాడు. మిద్దెతోటలు ఇవాళ్టి ఫ్యాషన్ అనుకుంటాం. నాలుగు వందల ఏళ్ల కిందటే హైదరాబాద్‌లో ఉన్నాయన్నమాట!

ఆ కమాన్లు అంత బరువు మోశాయంటే అందులో డంగుసున్నం పనితనం ఉంది. సున్నం, ఇసుక కలిపి గానుగలో వేసి ఎద్దులతో రోజుల తరబడి తిప్పించేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. అలా నలిగిన సున్నం రాయిని రాయితో పట్టేసేది. పైన గచ్చు చేస్తే అద్దంలా మెరిసేది. చార్మినార్ మీద పూలూ లతలూ అన్నీ ఆ గచ్చుపనే. దానికీ ఆయుష్షు ఉంటుంది. 2019 మే నెలలో ఓ మినారు మీది గచ్చు పెళ్ల ఊడి కిందపడింది. వాన నీరు లోపలికి దిగితే ఎంత గట్టి సున్నమైనా వదులవుతుంది. నాలుగు శతాబ్దాలుగా నిలబడిందంటే తనంత తాను నిలబడిందని కాదు. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు తాపీ పట్టుకుని మరమ్మతు చేస్తూ వచ్చారని!

పేర్లలో పూసిన తోటలు

గుల్జార్ హౌజ్ గట్టు దగ్గర గైడు ఓ ఆట ఆడిస్తారు. 'పేరులో బాగ్ ఉన్న పేటలు చెప్పండి చూద్దాం!'

పోటాపోటీగా జవాబులొస్తాయి. బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, జాంబాగ్, కుందన్‌బాగ్, సీతారాంబాగ్, కిషన్‌బాగ్, మూసారాంబాగ్, ఇబ్రహీంబాగ్... వేళ్లు చాలవు. బాగ్ అంటే తోట. ఇన్ని తోటలున్న ఊళ్లో ఇప్పుడు తోటలేవి? బస్సు బోర్డుల మీద!

ఒక్కో పేరు వెనకా ఒక్కో కథ. జాంబాగ్ అంటే జామతోట. బషీర్‌బాగ్‌లో పైగా వంశీకుడు ఆస్మాన్‌జా కట్టించిన మహలు ఉండేది. మహలూ పోయింది, తోటా పోయింది. అక్కడిప్పుడు ఫ్లైఓవరు. మూసారాంబాగ్ కథ ఇంకా తమాషా. నిజాం సైన్యంలో ఫ్రెంచి సేనాని రేమండ్ ఉండేవాడు. 1798లో చనిపోయాడు. ఫ్రెంచివాళ్లు మర్యాదగా 'మస్యూ రేమండ్' అంటారు కదా. అది జనం నోట్లో నలిగి నలిగి 'మూసారాం' అయిపోయింది. ఆయన పేరున్న తోట మూసారాంబాగ్ అయింది. ఫ్రెంచి దొరగారిని మన పక్కింటి మూసారాం చేసేసుకున్నారు హైదరాబాదీలు!

అన్ని తోటలూ పోలేదు లెండి. నాంపల్లిలో 1846 నాటి బాగ్-ఎ-ఆమ్ ఉంది. అదే పబ్లిక్ గార్డెన్స్. 1913లో పూర్తయిన టౌన్‌హాలు, జూబ్లీహాలు, పురావస్తు ప్రదర్శనశాల... అన్నీ ఆ తోటలోనే. టౌన్‌హాలే తర్వాత శాసనసభ అయింది. పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లు వందల్లో ఉంటారు. తామొక చరిత్ర పుస్తకం మధ్యలో నడుస్తున్నామని గమనించేవాళ్లు తక్కువ.

కథా? చరిత్రా?

నడకలో అసలు పరీక్ష గైడుకే. హైదరాబాద్ గురించి ఎవరి దగ్గర చూసినా ఓ కథ ఉంటుంది. భాగమతి కథ వాటిలో మొదటిది. భాగమతి పేరు మీదే భాగ్యనగరం వచ్చిందని ఎందరో నమ్ముతారు. నరేంద్ర లూథర్ లాంటి రచయితలు ఆ వాదాన్ని సమర్థించారు. చరిత్రకారుడు హరూన్‌ఖాన్ షేర్వాణీ మాత్రం అది కట్టుకథే అన్నాడు. తోటల నగరం కాబట్టి 'బాగ్‌నగర్' అన్నారన్నది ఆయన వాదన. టావెర్నియే ఇంకోలా రాశాడు. రాజుకు ఇష్టమైన రాణి పేరు నగర్ అనీ, ఆమె తోట కాబట్టి బాగ్‌నగర్ అనీ! మంచి గైడు మూడూ చెప్పి ఊరుకుంటారు. ఏది నిజమో తేల్చేయాలన్న తొందర పడరు.

ప్లేగు తగ్గినందుకు చార్మినార్ కట్టారన్నది ఒక మాట. హిజ్రీ శకం వెయ్యేళ్లు నిండిన సందర్భం అన్నది మరో మాట. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందన్నది ఇంకో మాట. ఆ సొరంగం మాత్రం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. 'ఇస్ఫహాన్‌ను చూసి హైదరాబాద్ కట్టారు' అనేవాళ్లకు గైడు నవ్వుతూ ఓ తేదీ గుర్తు చేస్తారు. ఇస్ఫహాన్‌లోని ప్రఖ్యాత రాజమైదానం పని మొదలైంది 1598లో. చార్మినార్ అప్పటికే ఏడేళ్ల వయసుది. ఇరాన్ తోటల సంప్రదాయం ఇక్కడికి వచ్చిన మాట నిజం. కానీ ఆ మైదానాన్ని చూసి ఇక్కడ దించేశారనడం కుదరదు.

పలకల మీద వరద గుర్తు

మఛ్లీ కమాన్ దాటితే పత్తర్‌గట్టీ. రెండువైపులా రాతి కమాన్ల దుకాణాల వరస. ఆ రద్దీ మధ్యలోంచి పక్కకు తిరిగితే ఒక్కసారిగా నిశ్శబ్దం. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా! చార్మినార్ కట్టిన మహమ్మద్ కులీయే దీన్నీ కట్టించాడు. మొహర్రం నాడు పీర్లు నిలిపే చోటు. లోపల గోడల నిండా రంగుల మెరుగు పలకలు. పసుపు, నీలం, ఆకుపచ్చ... పీరు ఆకారంలో, దీపశిఖల్లా పైకి లేచే నమూనాలు. 1611 నాటి పని. నాలుగు వందల ఏళ్లు దాటినా నిన్నగాక మొన్న కాల్చి అతికించినట్టుంటాయి.

అయితే కాస్త పరీక్షగా చూడమంటారు గైడు. కింది వరసల్లో కొన్నిచోట్ల పలకల్లేవు. వాటి స్థానంలో అలాంటి నమూనానే రంగులతో గీశారు. ఏమైంది ఆ పలకలకు?

1908... మూసీ వరద!

అక్కణ్నుంచి నడక తీరే మారిపోతుంది. అప్పటిదాకా రాజుల ముచ్చట్లు. ఇక్కణ్నుంచి జనం కథ.

నూటయాభై ప్రాణాలు

మదీనా కూడలి దాటితే నయాపూల్. వంతెన మీద నిలబడితే ఎడమచేతి వైపు హైకోర్టు గుమ్మటాలు. అవతలి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు. మధ్యలో మూసీ. సన్నటి మురుగుపాయ. ఇది ఊరిని ముంచిందంటే పిల్లలు నమ్మరు. 'ఈ కాల్వా?' అంటారు.

1908 సెప్టెంబరు నెలాఖరు. ఆగకుండా వాన. మూసీ ఎగువన చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. రెండు వందలకు పైనే! 28వ తేదీన ఆ నీళ్లన్నీ కలిసి నగరం మీద పడ్డాయి. వంతెనలు మునిగాయి. ఒడ్డున ఉన్న పేటలకు పేటలే కొట్టుకుపోయాయి. సుమారు 15,000 మంది చనిపోయారు. ఉర్దూ రుబాయిలకు పేరుపడ్డ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ రోజున తల్లినీ భార్యనూ కూతుర్నీ... ముగ్గుర్నీ వరదకు పోగొట్టుకున్నాడు. తాను మాత్రం బతికి బయటపడ్డాడు.

ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్ దగ్గర ఓ తోట ఉండేది. అందులో ఓ పాత చింతచెట్టు. నీళ్లు తరుముకొస్తుంటే జనం దాని కొమ్మల మీదికి ఎగబాకారు. ఆడా మగా పిల్లా పెద్దా అంతా కలిసి నూటయాభై మంది. చుట్టూ ఇళ్లు కూలుతున్నాయి. గోడలు కరిగిపోతున్నాయి. చెట్టు కదల్లేదు. నీరు తీసేదాకా వాళ్లందర్నీ మోసింది.

ఆ చెట్టు ఇవాళ్టికీ ఉంది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో!

నడక అక్కడికి చేరేసరికి ఎండ కాస్త ముదురుతుంది. చెట్టు కింద రోగుల బంధువులు చాపలేసుకుని కూర్చుని ఉంటారు. టిఫిన్ క్యారేజీ విప్పుకునేవాళ్లు, రాత్రంతా మేలుకుని ఓ కునుకు తీసేవాళ్లు. 'గట్టిగా మాట్లాడకండమ్మా' అని గైడు ముందే హెచ్చరిస్తారు. ఇది చూడవచ్చిన చోటే కాదు, ఎవరి బాధలో వాళ్లున్న చోటు కూడా. గైడు చెప్పేది ఆ బంధువులు కూడా చెవియొగ్గి వింటారు. 'ఈ చెట్టేనా సార్? మూడు రోజుల్నుంచి దీని కిందే ఉన్నాం. తెలీదే!' అంటాడు ఏ నల్గొండ నుంచో మెదక్ నుంచో వచ్చిన పెద్దాయన. లేచి వెళ్లి మాను మీద చెయ్యి వేసి చూస్తాడు.

ఏటా సెప్టెంబరు 28న కొందరు పౌరులు ఈ చెట్టు కింద చేరి వరదలో పోయినవారిని తలచుకోవడం ఓ ఆనవాయితీ అయింది. స్మారకానికి రాతి కట్టడమే అక్కర్లేదనడానికి ఇంతకంటే రుజువేముంది!

వరద కట్టిన నగరం

విచిత్రమేంటంటే... ఇవాళ్టి హైదరాబాద్ రూపురేఖల్ని చాలావరకూ దిద్దింది ఆ వరదే. నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1909లో ఆయన వచ్చారు. ఒడ్డున గోడ కడితే చాలదన్నారు. ఎగువనే నీటిని ఆపే జలాశయాలు కావాలన్నారు. అలా వచ్చినవే మనం గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927). వరదను ఆపడానికి కట్టిన ఆ రెండు చెరువులే తర్వాత తరతరాలకు మంచినీళ్లిచ్చాయి. నది గట్ల వెంట తోటలు పెంచమన్నదీ ఆయన సలహాల్లో ఒకటే.

1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. వరద తుడిచిపెట్టిన చోట కొత్త భవనాలు లేచాయి. దక్షిణపు ఒడ్డున హైకోర్టు. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ నమూనా గీశాడు. ఇంగ్లిషు వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ పర్యవేక్షించాడు. 1920లో తలుపులు తెరిచింది. పక్కనే సిటీ కాలేజీ. ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. అటు కాచిగూడ రైల్వేస్టేషన్ 1916 నాటికే సిద్ధం. గుమ్మటాలు, కమాన్లు, జాలీలు... చూడ్డానికి అలంకారాల్లా ఉంటాయి. నిజానికి అవి ఫ్యాన్లు లేని కాలపు వాతానుకూల యంత్రాలు. ఎత్తైన పైకప్పు వేడిని పైకి లాగుతుంది. మందపాటి గోడ ఎండను ఆపుతుంది. జాలీ గాలిని లోపలికి పంపుతుంది.

ఆ ఆస్పత్రి పాత భవనం బాధ మాత్రం నడకలో ఎవరూ దాచరు. 2020 జులైలో వానకు వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. రోగుల్ని తరలించి ఆ భవనాన్ని మూసేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. రోగికి కావలసింది కురవని కప్పు, చాలినన్ని మంచాలు. అందులో రెండోమాట లేదు. పాత భవనాన్ని ఏం చేస్తారన్నదే ఊరి ముందున్న ప్రశ్న. వరద తర్వాత కట్టిన ఆస్పత్రి, వరదకు ఎదురు నిలిచిన చెట్టు... రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఒకదాని కథ రెండోది లేకుండా చెప్పలేం.

చీటీ మీద కోట

అఫ్జల్‌గంజ్ నుంచి కోఠీ వైపు మళ్లితే చివరి మజిలీ. ఎత్తైన స్తంభాలు, మెట్లకు అటూఇటూ సింహాలు... బ్రిటిష్ రెసిడెన్సీ! రెసిడెంటు జేమ్స్ అచిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టించాడు. స్థలం కోసం ఆయన పడ్డ పాట్ల మీద ఓ కథ చెబుతారు. మొదట పెద్ద కాగితం మీద నమూనా గీసి నిజాంకు చూపించాడట. అంత పెద్ద కాగితం చూసి నిజాం బెదిరిపోయి కుదరదన్నాడట. రాజ్యం పటం కూడా అంతే ఉంటుంది మరి! ఈసారి అదే నమూనాను చిన్న చీటీ మీద గీసి పట్టుకెళ్తే 'ఓస్, ఇంతేనా' అని సంతోషంగా ఒప్పుకున్నాడట.

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదీ ఇంటి ఆడపడుచు ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమె పరదా పాటించేది. భవనం ముందువైపు వచ్చి చూసే వీల్లేదు. అందుకని వెనక తోటలో అచ్చం అలాంటి బుల్లి భవనాన్ని ఆమె కోసం కట్టించాడని చెబుతారు. ఆమె ఉన్న రంగ్‌మహల్‌ను 19వ శతాబ్దంలోనే కూల్చేశారు. ఇల్లు పూర్తవకముందే 1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. ప్రేమకూ తిరుగుబాటుకూ ఒకే గోడ సాక్షి!

1949 నుంచి ఇక్కడ ఆడపిల్లల చదువు సాగుతోంది. కోఠీ ఉమెన్స్ కాలేజీగా తెలుగువాళ్లకు తెలిసిన ఆ ప్రాంగణం ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. పెచ్చులూడి, కప్పు దిగి భయపెట్టిన పాత భవనాన్ని ఏళ్ల తరబడి బాగుచేశారు. 2023లో మళ్లీ తెరిచారు. రాజుల మహలు కాకపోయినా వేలమంది అమ్మాయిలు డిగ్రీ పట్టా అందుకున్న మహలిది. నడకకు వచ్చిన తల్లుల్లో 'నేనిక్కడే చదివా' అని కూతురికి మెట్లు చూపించేవాళ్లు ఒకరైనా ఉంటారు.

మరో ఆదివారం... మోటబావి

నీళ్లూ తోటా కలిసి ఎలా పనిచేసేవో కళ్లారా చూడాలంటే మరో ఆదివారం గోల్కొండ దగ్గరి ఇబ్రహీంబాగ్‌కు వెళ్లాలి. కుతుబ్‌షాహీ సమాధుల తోట. 106 ఎకరాలు. సుల్తానులే కాదు... రాణులు, వైద్యులు, సేనానులు కూడా ఇక్కడే నిద్రపోతున్నారు. వారిలో ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగువాళ్లకు దగ్గరి చుట్టం. తెలుగు కవుల్ని ఆదరించినవాడు. వాళ్ల నోట 'మల్కిభరాముడు' అయ్యాడు. అద్దంకి గంగాధరుడు 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు.

ఇక్కడి దిగుడుబావుల్ని చూస్తే ఆనాటివాళ్ల లెక్క అర్థమవుతుంది. పల్లం చూసి బావి తవ్వారు. వాన నీరంతా అందులోకి దిగేలా చూశారు. మోటతో ఎద్దులు నీళ్లు తోడితే కాల్వల్లోంచి తోటలకు పారేవి. 2013లో ఆగాఖాన్ ట్రస్టు, పురావస్తు శాఖ కలిసి పని మొదలుపెట్టాయి. అదే ఏడాది భారీ వానలకు పెద్దబావి గోడ కూలింది. రాయి రాయీ ఏరి మళ్లీ పేర్చారు. సమాధుల మీద అప్పటికి పూసి ఉన్న సిమెంటును గీకి తీసేసి సున్నం పూశారు. సిమెంటు తేమను లోపలే బిగించి గోడను కుళ్లబెడుతుంది. సున్నం ఊపిరి పీల్చుకోనిస్తుంది. బావుల్లో మళ్లీ నీళ్లు నిలిచాయి. 2022లో ఆ బావుల పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. 2024 జులైలో మొత్తం పని ముగిసింది. పెద్దబావి మెట్ల మీద కూర్చున్నవాళ్లెవరూ తొందరగా లేవరు. గుల్జార్ హౌజ్ దగ్గర ఊహించుకున్నది ఇక్కడ కళ్ల ముందుంటుంది మరి.

చూసే కళ్లుంటేనే...

ఇంతకీ ఈ నడకల వల్ల ఒరిగేదేంటి? ఫొటోలు దిగి, టిఫిన్ చేసి ఇంటికెళ్లడమేనా?

ఎర్రమంజిల్ కథ వింటే జవాబు దొరుకుతుంది. ఫక్రుల్‌ముల్క్ అనే నవాబు ఎర్రమట్టి దిబ్బ మీద ఆ మహలు కట్టాడు. జనం ఎర్రగడ్డ అనేవారు. ఫారసీలో 'ఇరం' అంటే స్వర్గవనం. రెండూ కలిసొచ్చేలా 'ఇరం మంజిల్' అని పేరు పెట్టాడు. తెలుగువాడికి ఎర్రమంజిల్, ఫారసీ తెలిసినవాడికి స్వర్గవనం! 2019లో దాన్ని కూల్చి కొత్త శాసనసభ కట్టాలనుకున్నారు. చరిత్ర తెలిసినవాళ్లు, విద్యార్థులు, మామూలు పౌరులు గొంతెత్తారు. వ్యవహారం హైకోర్టుకెళ్లింది. సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మహలు నిలిచింది.

వారసత్వ కట్టడాలకు నగరంలో ఓ నిబంధన కాపలా ఉండేది. 2015 డిసెంబరులో దాన్ని తీసేశారు. 2017లో కొత్త చట్టం వచ్చింది. చట్టాలు వస్తుంటాయి, మారుతుంటాయి. కట్టడాన్ని ఎప్పుడూ కాపాడేది ఒక్కటే... 'అది మాది' అనుకునే జనం. అలా అనుకోవాలంటే ముందు అక్కడ ఏముందో తెలియాలి. తెలియాలంటే బస్సు దిగాలి, బండి ఆపాలి, నడవాలి.

బషీర్‌బాగ్ మహలు పోయినప్పుడు దాని కథ తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారో! చింతచెట్టు సంగతి అలా కాదు. ఎండాకాలం ఓ కొమ్మ ఎండినా అడిగేవాళ్లున్నారిప్పుడు. ఆ ఆదివారం మాను మీద చెయ్యి వేసి చూసిన పెద్దాయన ఊరెళ్లి నలుగురికి చెబుతాడు. ఆ నలుగురూ ఎప్పుడైనా ఉస్మానియాకు వస్తే ముందు ఆ చెట్టును వెతుక్కుంటారు.

నూటయాభై మందిని అది మోసింది. దాన్ని మోయాల్సిన వంతు ఇప్పుడు ఊరిది.

నడకకు వెళ్లేవాళ్లకు...

* నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఉదయం ఏడింటికల్లా మొదలుపెడితే ఎండా ఉండదు, రద్దీ ఉండదు.

* చార్మినార్ నుంచి కోఠీ దాకా మూడు నాలుగు కిలోమీటర్లు. ఆగుతూ చూస్తూ వెళ్తే మూడు గంటలు పడుతుంది. పాత బూట్లే మేలు. కొత్తవైతే కరుస్తాయి.

* మసీదులు, ఆషూర్‌ఖానాల్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు విడవాలి. ఒళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి. ప్రార్థన వేళల్లో ఫొటోలు వద్దు.

* హైకోర్టును వంతెన మీంచే చూడాలి. విశ్వవిద్యాలయంలోకి ముందస్తు అనుమతి అవసరం. ఆస్పత్రి ఆవరణలో గుంపుగా నిలబడి దారి అడ్డుకోవద్దు. రోగుల్ని ఫొటో తీయనే వద్దు.

* చౌమహల్లాకు శుక్రవారం సెలవు. ఆ దారిన వెళ్లాలనుకుంటే మరో రోజు చూసుకోండి.

* పిల్లల్ని తీసుకెళ్తే ఒక్క పని అప్పజెప్పండి. దారిలో కనిపించిన 'బాగ్' పేర్లన్నీ రాసుకోమనండి. ఇంటికొచ్చాక వాటిలో ఒక్క తోట కథైనా పెద్దవాళ్లనడిగి తెలుసుకోమనండి.